యాభై దాటాక మధ్యాహ్నానికే ఓపిక అయిపోతోంది, మీరేం చేస్తున్నారు?

కూకట్‌పల్లి_54:
వయసు 54, ఆఫీసులో రోజంతా కుర్చీలోనే. మూడింటికల్లా ఒంట్లో ఛార్జింగ్ అయిపోయినట్టు ఉంటోంది. థైరాయిడ్, షుగర్ రెండూ నార్మలే. మా బావమరిది కణాలకి శక్తినిచ్చే గోలీలంటూ నెలకి మూడు వేల సరుకు అంటగట్టాలని చూస్తున్నాడు, నేను కొనను. నడక పొద్దున మంచిదా సాయంత్రమా, రాత్రి భోజనం ఎన్నింటికి, నిద్ర ఎలా సరిచేసుకున్నారు? ఈ మూడూ చెప్పండి చాలు.

చోడంబలి:
మాది శ్రీకాకుళం వైపు. మా నాన్న 81 ఏళ్లకి కూడా పొలం గట్ల మీద తిరిగేవాడు. పొద్దున్నే తరవాణి అన్నం, అదే కుండలో గంజితో పులియబెట్టిన చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, అంతే. నేను ఇడ్లీ, దోసెలు మానేసి రెండేళ్లుగా అదే తింటున్నాను, మధ్యాహ్నం కునుకన్న మాటే లేదు. అందులో బీ12 విటమిన్ బోలెడు, ఇక మాత్రలెందుకు?

రిటైర్డ్_జువాలజీ:
ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, కాస్త వినండి. శక్తి అంటే ఏటీపీ, కణాలు ఇంధనంలా వాడుకునే పదార్థం. అది ఎక్కువగా తయారయ్యేది కణంలోని మైటోకాండ్రియాలో. ఆ ఏటీపీని 1929లో కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. క్రమంగా వ్యాయామం చేస్తే కండరాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి. బావమరిదికి ఈ ముక్క చెప్పండి.

పాలమూరు_పిల్ల:
చోడంబలి అన్నా, నీ బీ12 మాట చదివి ఒళ్లు మండింది. నేను పూర్తి శాకాహారిని, షుగర్‌కి ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయంటే మా వాట్సాప్ గ్రూపులో ఇదే మాట చెప్పారు, నమ్మి ఏడాది పాటు చద్దన్నం తిన్నా. చివరికి పరీక్ష చేయిస్తే బీ12 అడుగంటింది. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చని అప్పుడే తెలిసింది. ఇంజెక్షన్లు వేయించుకున్నాక మనిషినయ్యా గానీ తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు.

చోడంబలి:
పులిస్తే బ్యాక్టీరియా పుడుతుంది, బీ12 చేసేది బ్యాక్టీరియానే కదమ్మా. మా తాతలు ల్యాబుల చుట్టూ తిరిగారా?

ల్యాబ్_లక్ష్మి:
అన్ని బ్యాక్టీరియాలూ బీ12 చేయవండీ. అన్నం పులిసినంత మాత్రాన ఒంటికి సరిపడా వస్తుందని లెక్కేసుకోకూడదు. చేపలు, మాంసం, గుడ్లు, పాలు, వీటి నుంచే నమ్మకంగా అందేది. ఒక్కటి అడుగుతా, మీ తాతలు తరవాణిలోకి ఏం నంజుకునేవారు?

చోడంబలి:
ఎండు మెత్తళ్లు, చిన్న ఎండు చేపలు. అయితే?

ల్యాబ్_లక్ష్మి:
అయితే అదే!

చోడంబలి:
నవ్వండి నవ్వండి. చదువుకున్నోళ్లకి మా తిండంటే చులకన.

పాలమూరు_పిల్ల:
తిండిని ఎవరన్నారు? చద్దన్నం నాకూ ఇష్టమే. మందు బదులు తినమంటేనే కోపం.

ఒంటిపూట:
ఇదంతా ఎందుకండీ, రోజుకి 16 గంటలు కడుపు ఖాళీగా ఉంచండి. కణాలు తమ చెత్త తామే శుభ్రం చేసుకుంటాయి, ఆటోఫజీ అంటారు. 2016లో జపాన్ ఆయన ఓసుమికి నోబెల్ ఇచ్చింది దీనికే. నేను 9 కేజీలు తగ్గాను.

రిటైర్డ్_జువాలజీ:
ఓసుమి చూసింది ఈస్ట్ కణాల్లో నాయనా, నువ్వు టిఫిన్ మానేయడాన్ని కాదు. షుగర్ మందులు వాడేవాళ్లు నీ మాట విని పస్తులుంటే కళ్లు తిరిగి పడతారు.

బోస్టన్_బాబాయ్:
మాస్టారూ, చిన్న సవరణ. 1929లోనే జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనిపెట్టాడు. సుబ్బారావు గారు ఇక్కడ హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి విడిగా చేశారు. ఒక్కరి ఖాతాలో వేయకండి.

రిటైర్డ్_జువాలజీ:
నాకు తెలియదనుకున్నావా? మనవాడి పేరు మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

కూకట్‌పల్లి_54:
అయ్యా, నడక సంగతి? నా చేతి వాచీ రోజూ పదివేల అడుగులంటూ ప్రాణం తీస్తోంది.

బోస్టన్_బాబాయ్:
ఆ పదివేలు 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. టెన్షన్ పడకండి.

వనజక్క:
తమ్ముడూ, నడకొక్కటే చాలదు. నాకు 58. పోయినేడు స్నానాల పీట మీంచి లేవలేక కోడల్ని పిలవాల్సొచ్చింది, సిగ్గుతో చచ్చిపోయాను. అప్పట్నుంచి రోజూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటున్నా. మొదట్లో మూడుసార్లకే తొడలు వణికేవి, ఇప్పుడు ఇరవై. పూటపూటా పప్పో గుడ్డో ఉండేలా చూసుకుంటున్నా, సాయంత్రం పూట నడుస్తున్నా, రాత్రి ఏడున్నరకి తినేస్తున్నా. మూడింటి నీరసం నాకూ ఉండేది, మధ్యాహ్నం అన్నం సగం చేసి కూర పెంచాక తగ్గింది. నిద్ర గురించి నన్నడక్కు, సీరియళ్లు మానలేకపోయాను.

కూకట్‌పల్లి_54:
థాంక్స్ అక్కా, మీరొక్కరే జవాబిచ్చారు. మిగతా వాళ్ల దగ్గర నా ప్రశ్నలు గంజిలో కలిసిపోయాయి.

విజయనగరం_వాసు:
చోడంబలి గారూ, మా తరవాణి కుండ నాలుగో రోజుకే కంపు కొడుతోంది, ఏం చేయాలి?

చోడంబలి:
కుండ మార్చకు. సబ్బు మాత్రం తగలనీయకు, వేడినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించు, తర్వాత తాజా గంజితో మొదలెట్టు. మెత్తళ్లు పక్కన పెట్టుకో, లేకపోతే ల్యాబ్ మేడం ఊరుకోదు.