అప్‌డేట్: బీఎంఎస్ అలారాల గోల తగ్గింది

నైట్ షిఫ్ట్‌లో బీఎంఎస్ (బిల్డింగ్‌లోని ఏసీ లాంటి సిస్టమ్స్‌ని ఒకే చోట నుంచి చూసే కంప్యూటర్ సిస్టమ్) స్క్రీన్ నిండా అలారాలే, ఆపరేటర్లు చదవకుండానే అన్నిటికీ అక్నాలెడ్జ్ ('చూశాను' అని చెప్పే బటన్) కొట్టేస్తున్నారు, ఏం చేయాలని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే అలారం హిస్టరీ తీసి చూశాం. ఎక్కువ భాగం ఏహెచ్‌యూలవే (ఫ్యాన్‌తో గదుల్లోకి ఏసీ గాలి పంపే యూనిట్లు). రాత్రి షెడ్యూల్ ప్రకారం ఫ్యాన్ ఆగగానే 'ఎయిర్‌ఫ్లో లేదు' అని అలారం! ఆగిన ఫ్యాన్‌కి గాలి ఎక్కణ్నుంచి వస్తుంది? ఇప్పుడు ఫ్యాన్‌కి రన్ కమాండ్ వెళ్లి, కాసేపటి తర్వాత కూడా గాలి లేకపోతేనే అలారం వచ్చేలా వెండర్‌తో లాజిక్ మార్పించాం. లిమిట్ దగ్గర వచ్చిపోయే టెంపరేచర్ అలారాలకి 1 డిగ్రీ డెడ్‌బ్యాండ్ పెట్టించాం, అంటే టెంపరేచర్ లిమిట్ నుంచి అంత వెనక్కి వస్తేనే అలారం పోతుంది. ఫైర్ సిగ్నల్, చిల్లర్ ట్రిప్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే మెషిన్ దానంతటదే ఆగిపోవడం) అలారాల జోలికి మాత్రం పోలేదు.

అక్నాలెడ్జ్‌తో పాటు కామెంట్ రాయమంటే అందరూ 'ఓకే' అనే రాస్తున్నారు. దీనికేమైనా ఉపాయం ఉందా?