బాగేఆంకు టికెట్ పెట్టాలా, వద్దా?

పొద్దుటి నడక, లక్డీకాపూల్:
నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో, అదే మన బాగేఆంలో, ఇరవై ఏళ్లుగా పొద్దున్నే నడుస్తున్నాను. సోమవారం తెల్లారి ఒకసారి వచ్చి చూడండి. గడ్డి మీద బిర్యానీ పొట్లాలు, బెంచీల కింద ఖాళీ సీసాలు, చెట్ల మొదళ్లలో ప్లాస్టిక్ గ్లాసులు. కేబీఆర్ పార్కుకు టికెట్ ఉంది, లుంబినీ పార్కుకూ ఉంది. ఇక్కడ కూడా పదో ఇరవయ్యో పెడితే తప్పేముంది? ఆ డబ్బుతో ఇంకో నలుగురు మాలీలను పెట్టుకోవచ్చు. చీకటి పడితే మా అమ్మాయి ఇటువైపు రానంటోంది, తాగినవాళ్లు ఉంటారని. నా ఓటు టికెట్‌కే. మీరేమంటారు?

నాంపల్లి ఆడబిడ్డ:
అన్నా, చెత్త మాట నిజం. నేనూ చూస్తున్న. కానీ టికెట్ మాత్రం వద్దు.

1983ల నాకు ఎనిమిదేండ్లు. తమ్మునికి జ్వరం ముదిరితే నిలోఫర్ దవాఖానల చేర్పించిన్రు. అమ్మ లోపల వాని దగ్గర, నేనూ నాయనమ్మ బయట. పదకొండు రోజులు మా ఇల్లు బాగేఆమే. పొద్దున గేటు తీసేసరికి పోయి, ఒక చెట్టు కింద నాయనమ్మ కొంగు పరిచి నన్ను కూసోబెట్టేది. డబ్బాల జొన్నరొట్టె, పల్లికారం. మా అసొంటోళ్లు చుట్టూ శానా మంది ఉండె. ఒకామె కరీంనగర్ దిక్కు నుంచి వచ్చింది, తన సద్దిల నుంచి నాకు ఒక అరిసె పెట్టింది. మొక్కలకు నీళ్లు పట్టే మాలీ తాత మధ్యాన్నం ఎండకు పైపు నా కాళ్ల మీదికి తిప్పేటోడు. ఆ చల్లదనం ఇప్పటికీ యాదికుంది.

నాయనమ్మ చెప్పేది, "గీడనే పులులు, సింహాలు ఉంటుండె బిడ్డా, అన్నిటిని బహదూర్‌పుర తీస్కపోయిన్రు" అని. 1963ల జూపార్కు తెరిచినప్పుడు ఈడి జంతువులను ఆడికి మార్చిన్రు. ఆ ముచ్చట విన్నంక నేను ప్రతి పొద వెనక ఒక సింహాన్ని ఎతికేదాన్ని.

ఆమె కొంగు ముడిల బస్సు కిరాయి తప్ప ఏం లేకుండె. రోజుకు ఇద్దరికి టికెట్ అంటే మేం రోడ్డు మీద కూసునేటోళ్లం. బాగ్ అంటే తోట, ఆమ్ అంటే అందరిది. పేరే అట్ల పెట్టిన్రు కదన్నా.

బెజవాడ నుంచి వచ్చిన టీచరు:
ఇద్దరికీ నమస్కారం. నేను 1996లో ఈ ఊరొచ్చాను. ఏటా మా బడిపిల్లల్ని ఈ తోటలోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూపించడానికి తీసుకొచ్చేదాన్ని. మమ్మీ ముందు గప్‌చుప్‌గా నిలబడిన పిల్లలు బయటికి రాగానే గడ్డి మీద దొర్లేవారు. ఇప్పుడు దొర్లడానికి అంత చోటు ఎక్కడుందో వెతుక్కోవాలి.

నా దృష్టిలో అసలు గొడవ టికెట్ గురించి కాదు. ఈ తోటలో టౌన్ హాలుగా కట్టింది శాసనసభ అయింది. 1930లో మ్యూజియం వచ్చింది. ఏడో నిజాం రజతోత్సవానికి జూబ్లీ హాలు, తర్వాత జవహర్ బాలభవన్, లలిత కళాతోరణం, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం. దేన్నీ తప్పు పట్టలేను, బాలభవన్‌లో మా అబ్బాయి తబలా నేర్చుకున్నాడు కూడా. కానీ ప్రతి భవనం తనతోపాటు ఒక గోడ, ఒక గేటు, కార్లు నిలిపే చోటు తెచ్చుకుంటుంది. తోట ముక్కలైంది.

నుమాయిష్, అంటే ఏటా జరిగే ఎగ్జిబిషన్, 1938లో మొదలైంది ఈ తోటలోనే. అది పెరిగాక 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మార్చారు. జూ కూడా పెరిగాక బయటికి వెళ్లింది. తోటకు బరువైనదాన్ని బయటికి పంపే పద్ధతి అప్పుడు ఉండేది. దాన్ని మళ్లీ తేవాలి. డబ్బు కావాలంటే లోపల నిలిపే కార్ల దగ్గరా, సభలు పెట్టుకునేవాళ్ల దగ్గరా గట్టిగా వసూలు చేయండి. కాళ్లతో నడిచి వచ్చేవాళ్ల జోలికి పోవద్దు.

పొద్దుటి నడక, లక్డీకాపూల్:
మేడమ్, కార్ల మీద రుసుము నాకు నచ్చింది. ఇప్పుడు గేటు ముందే మెట్రో ఉంది, కారు వేసుకొచ్చేవాళ్లు కట్టాల్సిందే. కానీ చెల్లెమ్మా, మా అమ్మాయి భయానికి ఏం చెప్తావు? నడవనీయని తోట అందరిదెలా అవుతుంది?

నాంపల్లి ఆడబిడ్డ:
అన్నా, సీసా కొనేటోనికి పది రూపాయల టికెట్ అడ్డమా? వాడు కొనుక్కొని మరీ వస్తడు. ఆడపిల్ల ధైర్యంగ నడవాలంటే దీపాలు కావాలె, పొద్దు గూకినంక తిరిగే కాపలా కావాలె. దానికి సంతకాలు పెట్టుమంటే మొదటి సంతకం నాదే.

మొన్న తమ్ముని బిడ్డను ఎంబడి పెట్టుకొని పోయిన. మెయిన్ గేటు దగ్గరి చెట్టు కింద ముసలామె, ముసలాయన మూట మీద తలపెట్టి పండుకున్నరు. ఆమె చేతిల కవరు, కవర్ల ఆసుపత్రి చీటి. నిద్రల కూడా గట్టిగ పట్టుకుంది. వాళ్లను లేపి టికెట్ ఏదని అడిగేదెవరు అన్నా?