అప్‌డేట్: కీమో జరుగుతుండగా పాప నడుస్తూ పడిపోవడం, కారణం తెలిసింది

లుకేమియా (రక్త క్యాన్సర్) చికిత్సలో మెయింటెనెన్స్ అనే చివరి దశలో ఉన్న మా ఐదేళ్ల పాప ఊరికే కాలు తట్టుకుని పడుతోందని, జబ్బు తిరగబెట్టిందేమోనని అప్పుడు అడిగాను. తిరగబెట్టలేదు, రక్త పరీక్షలు బాగున్నాయి.

డాక్టరుగారు పాపని మడమల మీద నడవమన్నారు. పాదాల ముందుభాగం పైకి లేవదే! చెప్పులు టపటపా నేలకి కొట్టుకున్నాయి. కీమోలో ఇచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చే ఫుట్ డ్రాప్ అట. మలబద్ధకమూ ఆ మందు పనేనట, మేమేమో అది తగ్గాలని అరటిపళ్ల మీద పడ్డాం.

"విన్‌క్రిస్టిన్ గురించి అడగండి" అన్న అక్కకి, మిగతా అందరికీ థాంక్స్. కొందరు చెప్పిన కాల్షియం సిరప్, కొత్త బూట్లు దీనికి సంబంధం లేనివి. నూనె మర్దనా అంతే, కానీ మా అత్తగారు మానరు.

బూటులో పెట్టుకునే ప్లాస్టిక్ స్ప్లింట్ (పాదానికి ఆసరాగా ఉండే పట్టీ) ఇచ్చారు, రోజూ పిక్కలు సాగదీసే వ్యాయామం చేయిస్తున్నాం. మందు డోసు డాక్టరే తగ్గించారు, మీ అంతట మీరు ఆపకండి. ఫంగస్‌కి వాడే ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ లాంటివి ఈ ఇబ్బందిని పెంచుతాయట. మాకవి లేవు, మీకుంటే ఆంకాలజిస్టుకి (క్యాన్సర్ డాక్టరుకి) తప్పక చెప్పండి.

ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కుతోంది. స్టెరాయిడ్ మందు వేసే రోజుల్లో ఆకలెక్కువై తెల్లవారుజామునే పెరుగన్నం కోసం పేచీ మాత్రం అలాగే ఉంది.