విజయవాడ ఆర్సీ ఉన్న స్విఫ్ట్ బాగా తక్కువకు ఇస్తున్నాడు, తీసుకోవచ్చా?

గాజువాక కుర్రాడు:
అందరికీ నమస్కారం. 2021 ఆగస్టు స్విఫ్ట్ చూశాను. పెట్రోల్, 38 వేలు తిరిగింది. ఇలాంటి బండికి మిగతావాళ్లు ఐదున్నర లక్షలు చెబుతుంటే ఇతను నాలుగుంపావుకే ఇస్తానంటున్నాడు. ఏపీ 39 నంబరు కదా, వైజాగ్ బండే అనుకున్నా. ఎం-పరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్టర్ చేసిన ఆఫీసు విజయవాడ అని వచ్చింది. ఇతను రెండో ఓనరు. "మా బావగారిది, వాడకం లేక ఇచ్చేశారు" అన్నాడు. ఫైనాన్స్ లేదు, చలాన్లు లేవు. లోపల మాత్రం మల్లెపూల సెంటు గుప్పుమంటోంది. ఐదు వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. తొందరపడ్డానా?

షీలానగర్ 77:
ఇన్సూరెన్స్ పేపర్లో ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే బోనస్, ఎంతుందో చూడండి. సున్నా అని ఉంటే క్లెయిమ్ అయినట్టే.

పాత పానా:
పైన చెప్పింది ఇక్కడ పనికిరాదండీ. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. ఓనరు మారితే ఎలాగూ సున్నా నుంచే మొదలు.

తమ్ముడూ, నాది ఆటోనగర్‌లో షెడ్డు, 22 ఏళ్లుగా ఇదే పని. 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 సిరీస్ పెట్టారు, ఆ నంబరు చూసి ఏ ఊరి బండో చెప్పలేం. ఆర్సీలో ఆఫీసు చూశావు, మంచి పని చేశావు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఓనరు ఎప్పుడు మారాడో చూడు. ఆ తర్వాతే అయితే నాకు అనుమానమే. ఆ సెంటు సంగతి చెప్పగానే, బురద వాసన కప్పడానికేనని సగం అర్థమైంది.

కింద తుప్పు ఉందని మాత్రం భయపడకు. మన ఊళ్లో ఉప్పుగాలికి లాసన్స్ బే పక్కన రెండేళ్లు నిలబెట్టిన బండికైనా కింద తుప్పు పడుతుంది. తుప్పు పైన ఉండకూడదు. సీటు ముందుకు జరిపి పట్టాలు చూడు, స్టీరింగ్ కింద తల పెట్టి వైర్ల కనెక్టర్లు చూడు, పచ్చగా చిలుము పట్టి ఉంటే వదిలెయ్. సీటు బెల్టు ఆఖరి దాకా లాగు. కార్పెట్టు మారుస్తారు, సీట్లు కుట్టిస్తారు, బెల్టు మార్చడం చాలామందికి తట్టదు.

ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్లో హిస్టరీ అడుగు. కిలోమీటర్లు తిప్పేసి ఉన్నా అక్కడే దొరికిపోతుంది. బావగారి ఫోన్ నంబరు కూడా అడుగు, నసిగితే నీకే తెలుస్తుంది.

గాజువాక కుర్రాడు:
అన్నా, ఇప్పుడే వెళ్లొచ్చాను. డ్రైవర్ బెల్టు కొత్తది. వెనక సీటు బెల్టు లాగితే సగం నుంచి మట్టి రంగు. బావగారు దుబాయ్‌లో ఉన్నారట, నంబరు లేదట. అడ్వాన్స్ అడిగితే "సోమవారం రా" అంటున్నాడు.

పాత పానా:
సోమవారం నేనూ వస్తాను. షెడ్డు దగ్గరికి పది గంటలకి రా.