అమ్మానాన్న వస్తున్నారు, నాలుగు రోజుల్లో ఏమేం చూపించాలి?

ప్రశ్న: వచ్చే నెల అమ్మానాన్న, చెల్లి, దాని ఇద్దరు పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. ఈ ఊరు రావడం వాళ్లకు ఇదే మొదటిసారి. పేరున్న చోట్లన్నీ రాసుకుంటే పదకొండు తేలాయి. రోజుకు మూడు చొప్పున తిప్పేస్తే నాలుగు రోజుల్లో అన్నీ అయిపోతాయి. నాన్నకు మోకాళ్ల నొప్పులు, చిన్నదానికి నాలుగేళ్లు. ఇంత దూరం వచ్చి సగం చూసి వెళ్లిపోతారేమో అని నా టెన్షన్. ఇలా తిప్పిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లాన్ కుదురుతుందా?

జవాబు: రోజుకు మూడు కుదరవండీ. మా అత్తామామలు వచ్చినప్పుడు నేనూ అచ్చం ఇలాగే వేశాను. రెండో రోజు మధ్యాహ్నానికి మామయ్యగారు ఒక మ్యూజియంలో మెట్ల పక్కన బెంచీ మీద కూలబడి, చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటూ, "మీరు చూసి రండమ్మా, నేనిక్కడే ఉంటా" అన్నారు. ఆయనకు చూపించాలనే కదా వెళ్లాం! నాకు ప్రాణం ఉసూరుమంది. మర్నాటి నుంచి రోజుకు ఒక్క పెద్ద చోటు, అదీ పొద్దున్నే, తెరిచే వేళకు. మధ్యాహ్నం ఇంటికొచ్చి నడుం వాల్చడం. సాయంత్రం ఓపిక ఉంటే పార్కు, లేకపోతే లేదు. అప్పటి నుంచే ఆయన మొహంలో నవ్వు చూశాను.

ఇంకో జవాబు: ముందు ఆ పదకొండింటికీ సెలవు రోజులు చూసుకోండి. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూస్తారు, అదే ఊళ్లో ఓర్సే మ్యూజియం సోమవారం. పక్కపక్క ఊళ్లు కాదు, ఒకే ఊళ్లోనే ఇంత తేడా.

తర్వాత మెట్లు. "లిఫ్ట్ ఉంది" అన్న మాట చూసి ధైర్యపడొద్దు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో అడగండి. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ గోపురానికి 551 మెట్లు. లిఫ్ట్ టికెట్ కొన్నా ఆ పైన 320 మెట్లు ఎక్కాల్సిందే. పైకి పోయేకొద్దీ దారి ఇరుకైపోయి, గోడ వంపుతో పాటు మనమూ పక్కకు ఒరిగి నడవాలి. మధ్యలో మోకాలు పట్టేస్తే వెనక జనం, వెనక్కి తిరిగే వీలుండదు. అదే ఈఫిల్ టవర్ అయితే రెండో అంతస్తు దాకా 674 మెట్లున్నా, ఒక్కటీ ఎక్కకుండా లిఫ్ట్‌లో వెళ్లిపోవచ్చు. నాన్నగారి సంగతి తేల్చేది ఈ వివరమే.

ప్రశ్న అడిగినవారు: మా ఊళ్లో టవర్‌కు పై భాగం మెట్లేనట, ఇప్పుడే చూశాను. పిల్లలకేమో అది ఎక్కాలని ఎంతో ఆశ. నాన్నను కింద ఒక్కడినే వదిలి వెళ్లాలంటే మనసొప్పడం లేదు.

జవాబు: ఒక్కరినే ఎందుకండీ, అమ్మగారిని తోడుంచండి, లేదా మీరే ఉండి చెల్లిని పిల్లలతో పంపండి. అందరూ ప్రతిచోటా కలిసే ఉండాలని లేదు. కాకపోతే "గేటు దగ్గర కలుద్దాం" అని మాత్రం అనుకోకండి. పెద్ద చోట్లకు గేట్లు ఒకటి కాదు, లోపలికి వెళ్లేది ఒకటైతే బయటికొచ్చేది ఇంకోటి. కూర్చోబెట్టిన బెంచీని ఫొటో తీసి అందరి ఫోన్లకూ పంపండి. చిన్నదాని జేబులో మీ నంబరు రాసిన కాగితం పెట్టండి.

ఇంకో మాట. కొన్నిటిని ఎక్కడం కన్నా ఎదురుగా నిలబడి చూడటమే బాగుంటుంది. ఈఫిల్ టవర్ ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది కానీ టవర్ కనిపించదు, దానికోసం నది దాటి ఎదురుగా ఉన్న ట్రోకడెరో అనే చోటికి వెళ్లాల్సిందే. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కితే 25 నిమిషాల ప్రయాణంలో స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ మనం కూర్చున్న చోటి నుంచే కనిపిస్తుంది, దానికి టికెట్ కూడా లేదు. మీ ఊళ్లోనూ అలాంటి పడవో, బస్సు రూటో ఉంటుంది, వెతకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అంతకు మించిన దారి లేదు.

మొదటి జవాబు రాసినవారు: టైము వేసిన టికెట్లయితే ముందే బుక్ చేయండి. కొన్నిచోట్ల టికెట్ మీద పేరు కూడా ఉంటుంది, ఐడీ కార్డులో ఉన్నట్టే కొట్టండి. తాజ్‌మహల్ టికెట్‌కు మూడు గంటలే గడువు, అలాంటివీ చదివి పెట్టుకోండి. పెద్ద బ్యాగులు చాలాచోట్ల లోపలికి రానివ్వరు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ చాలా థ్యాంక్స్. పదకొండింట్లో నాలుగు ఉంచాను. ఏం చూడాలనుందని అమ్మకు ఫోన్ చేసి అడిగితే, "నువ్వు రోజూ ఆఫీసుకు వెళ్లే దారి చూపించు" అంది. అది నా లిస్టులోనే లేదు. మొదటి రోజు సాయంత్రం నేనెక్కే బస్సే ఎక్కిస్తాను. టవర్‌కు శనివారం పొద్దున తొలి స్లాట్ దొరికింది. నాన్న కూర్చోవడానికి అక్కడ నీడలో బెంచీ ఉందో లేదో రేపు వచ్చేటప్పుడు దిగి చూసొస్తాను.