రాసినవాడే "కాదు" అన్నాక కూడా పాటలో అర్థాలు వెతకొచ్చా?

రెండోచరణం:
ఒక విషయం తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. గాయకుడు ఫిల్ కాలిన్స్ రాసి పాడిన 'ఇన్ ది ఎయిర్ టునైట్' (1981) గురించి ఒక కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నీళ్ళలో మునిగిపోతున్న మనిషిని ఒకడు ఒడ్డున నిలబడి చూస్తూ ఊరుకున్నాడట. కాలిన్స్ దూరం నుంచి అదంతా చూశాడట. తర్వాత ఆ ఊరుకున్నవాణ్ణి వెతికి పట్టుకుని, కచేరీకి రప్పించి, మొహం మీద స్పాట్‌లైట్ వేయించి మరీ ఈ పాట పాడాడట! అలాంటిదేమీ జరగలేదని కాలిన్స్ ఎన్నోసార్లు చెప్పాడు. అప్పుడు విడాకుల గొడవలో ఉన్నాను, ఆ కోపంలో మైకు ముందు అప్పటికప్పుడు వచ్చిన మాటలవి అన్నాడు. వింటేగా! నువ్వు మునిగిపోతున్నానన్నా చెయ్యందించను అనే ఒక్క ముక్క పట్టుకుని ఏకంగా సినిమా తీసేశారు.

బీటిల్స్ 'లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్' (1967) సంగతీ ఇంతే. చిన్నపిల్లాడైన నా కొడుకు బడిలో తన స్నేహితురాలి బొమ్మ గీసి తెచ్చి చూపించాడు, పేరు అక్కణ్ణుంచి వచ్చింది అని పాట రాసిన జాన్ లెనన్ మొత్తుకున్నా, పేరులోని మూడు అక్షరాలు కలిపి ఎల్.ఎస్.డి. అనే మత్తుమందు పేరు చదివేవాళ్ళు చదువుతూనే ఉన్నారు.

నేననేది ఇదీ: రాసినవాడు నోరు విప్పి చెప్పాక అదే అర్థం. మిగతాదంతా పుకారు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

పాతక్యాసెట్:
నేను కాదంటాను. మీరు సాక్షిని తెచ్చారు సరే, సాక్షి ఏ రోజు చెప్పిన మాట తీసుకోవాలి?

క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ 'హావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్' (1971) తీసుకోండి. ఎండ కాస్తుండగా కురిసే వాన. వియత్నాం మీద పడ్డ బాంబులని చాలామంది అనుకున్నారు. పాట రాసిన జాన్ ఫోగర్టీ మాత్రం అది మా బ్యాండ్ గురించి అన్నాడు. పేరు, డబ్బు అన్నీ వచ్చి పడుతున్న రోజుల్లో లోపల అందరికీ చెడింది, సొంత అన్న టామ్ కూడా బయటికి వెళ్ళిపోతున్నాడు. ఎండలో వాన అంటే అదీ. బాగుంది. కొన్నేళ్ళు పోయాక అదే ఫోగర్టీ వేదిక మీద నిలబడి, ఇప్పుడు ఈ పాట వింటే మా అమ్మాయి, ఇంద్రధనుస్సు గుర్తొస్తాయని చెప్పి పాడటం మొదలుపెట్టాడు. ఇందులో మీ "అదే అర్థం" ఏది?

ఇక 'అమెరికన్ పై' (1971) అర్థం ఏమిటని అడిగితే దాన్ని రాసిన డాన్ మెక్లీన్, నేనింక పని చెయ్యక్కర్లేదని దానర్థం అని జోకేసేవాడు. దాన్నీ రాసుకుందామా? క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అయితే, తను రాసిన 'బొహీమియన్ రాప్సొడీ' గురించి చెప్పకుండానే వెళ్ళిపోయాడు. మీ లెక్కన ఆ పాటకి అర్థమే లేదన్నమాట.

ఆరోతీగ:
పాతక్యాసెట్ గారి లిస్టులో ఇంకోటి కలపండి. నిర్వాణ 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' (1991). క్యాథ్లీన్ హానా అనే గాయని ఓ రాత్రి నిర్వాణ గాయకుడు కర్ట్ కోబేన్ గది గోడ మీద "కర్ట్ దగ్గర టీన్ స్పిరిట్ వాసన" అని రాసి పోయింది. టీన్ స్పిరిట్ అంటే డియోడరెంట్ బ్రాండ్. అప్పట్లో అతని గర్ల్‌ఫ్రెండ్ వాడేది. మనవాడికి ఆ సంగతే తెలియదు. అదేదో కుర్రకారు తిరుగుబాటు నినాదం అనుకుని పాటకి పేరు పెట్టేశాడు. పాట బయటికొచ్చి నెలలు గడిచాక గానీ తెలియలేదు.

పొరపాటున పుట్టిన ఆ పేరునే ఒక తరం మొత్తం తిరుగుబాటుగా విన్నది. రాసినవాడికే తెలియనిది పాటలో ఉండగలదని ఒప్పుకుంటారా లేదా?

రెండోచరణం:
ఒప్పుకోను. కోబేన్ తిరుగుబాటు అనుకునే రాశాడు, జనం తిరుగుబాటుగానే విన్నారు. అతని ఉద్దేశమే కదా నెగ్గింది! డియోడరెంట్ అర్థాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మీరు నా తరఫున సాక్ష్యం చెప్పారు, థాంక్స్.

ఆరోతీగ:
😀 ఈ రౌండు మీది.

డ్రమ్ముల_మోత:
మాటల మీద ఇంత కొట్లాట దేనికయ్యా? రాక్ పాటలో మాట కూడా ఒక వాయిద్యమే. లెనన్ చదివిన బడి నుంచే ఒక పిల్లాడు ఉత్తరం రాశాడు, మా టీచరు క్లాసులో మీ పాటలకి అర్థాలు చెప్పిస్తున్నారని. దాంతో అతగాడు కావాలని తలాతోకా లేని మాటలు పేర్చి 'ఐ యామ్ ద వాల్‌రస్' (1967) రాశాడు, దీన్ని తేల్చుకోండి చూద్దాం అని. మీరు ఇంకా తేలుస్తూనే ఉన్నారు.

నీలిమబ్బు:
అర్థం ఎవరిష్టం వాళ్ళది అనేవాళ్ళు 1969 ఆగస్టు ఒకసారి గుర్తు చేసుకోండి. బీటిల్స్ 'హెల్టర్ స్కెల్టర్' 1968లో వచ్చింది. ఆ పేరు ఇంగ్లండు సంతల్లో పిల్లలు గిర్రున తిరుగుతూ కిందికి జారే బల్లది. అమెరికాలో ఒక ముఠాని నడిపిన చార్ల్స్ మాన్సన్ అందులో జాతుల మధ్య రాబోయే యుద్ధానికి తనకు అందిన కబురు విన్నాడు. ఆ ఆగస్టులో అతని అనుచరులు మనుషుల్ని చంపారు. ఒక ఇంట్లో ఆ పాట పేరే నెత్తురుతో రాసి వెళ్ళారు. అది కూడా "శ్రోత స్వేచ్ఛ" ఖాతాలో వెయ్యాలా?

ఇంకోటి. జూడస్ ప్రీస్ట్ అనే బ్యాండు రికార్డులోని ఒక పాటలో "చెయ్యి" అనే రహస్య ఆజ్ఞ దాగి ఉందని, ఇద్దరు కుర్రాళ్ళు ఆత్మహత్యకు పూనుకోవడానికి అదే కారణమని కేసు పెట్టారు. 1990లో నెవాడాలోని రీనోలో విచారణ జరిగింది. తమాషా ఏమిటంటే ఆ పాట జూడస్ ప్రీస్ట్ రాసింది కూడా కాదు, స్పూకీ టూత్ అనే బ్యాండుది. వీళ్ళు మళ్ళీ పాడారంతే. గాయకుడు రాబ్ హాల్ఫర్డ్ తన పాటల్నే వెనక నుంచి ముందుకు వినిపించి, అందులోనూ అమాయకమైన వాక్యాలు దొరుకుతాయని చూపించాడు. గిటారు శబ్దం, ఊపిరి వదిలిన చప్పుడు యాదృచ్ఛికంగా కలిసి అలా వినిపించిందని జడ్జి తేల్చాడు. కావాలని వెతికితే ఏ పాటలోనైనా ఏదైనా దొరుకుతుంది. దొరికినంత మాత్రాన అక్కడ ఉన్నట్టు కాదు.

మన ఆలంకారికులు (కావ్యశాస్త్రం రాసినవాళ్ళు) ఈ పేచీ ఎప్పుడో చూశారు. 9వ శతాబ్దంలో ఆనందవర్ధనుడు కావ్యానికి ప్రాణం వ్యంగ్యార్థమే, అంటే పైకి చెప్పకుండా సూచనగా తట్టే అర్థమే అన్నాడు. ఆ వ్యంగ్యం వాచ్యార్థాన్ని (మాటల నేరు అర్థాన్ని) ఆసరా చేసుకునే పుట్టాలి, దాన్ని పట్టుకునేవాడు సహృదయుడు, అంటే కావ్యాన్ని మనసుపెట్టి చదివే రసికుడు అయి ఉండాలి. నోటికొచ్చింది చెప్పేవాణ్ణి సహృదయుడు అనలేదు.

పాతక్యాసెట్:
నీలిమబ్బు గారూ, ఆ చివరి ముక్కతో నాకు పేచీ లేదు. నేను రాసినవాడి పెత్తనం వద్దన్నాను గానీ పాట పెత్తనం వద్దనలేదు. నా కొలత ఒక్కటే: మీరు చెప్పే అర్థం పాటలో ప్రతి చరణానికీ జవాబు చెప్పాలి. ఒక్క పాదం పట్టుకుని మిగతావి వదిలేస్తే చెల్లదు. కాలిన్స్ మునక కథ అక్కడే పోతుంది, కాలిన్స్‌ని పిలవనక్కర్లేదు.

ఎలా పనిచేస్తుందో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.' (1984) మీద చూపిస్తాను. పల్లవి వింటే పిడికిలి బిగించి జెండా ఊపాలనిపిస్తుంది. సింథసైజర్ ఒకే మెట్టు మళ్ళీ మళ్ళీ కొడుతుంది, డ్రమ్ము తుపాకీలా పేలుతుంది. 1984 సెప్టెంబరు 19న న్యూజెర్సీలోని హ్యామంటన్‌లో ఎన్నికల సభలో అమెరికా అధ్యక్షుడు రీగన్, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశా సందేశం ఉందన్నాడు. ఇప్పుడు చరణాలు చదవండి. చచ్చిపోయిన ఊళ్ళో పుట్టాడు. చిన్న గొడవలో ఇరుక్కుంటే చేతికి తుపాకీ ఇచ్చి పరాయి దేశం పంపారు. తిరిగొచ్చి రిఫైనరీలో పని అడిగితే "నా చేతుల్లో ఉంటేనా బాబూ" అన్నారు. మాజీ సైనికుల ఆఫీసులోనూ అదే అయింది. చివరికి జైలు నీడలో, పోవడానికి చోటు లేక నిలబడ్డాడు.

మధ్యలో ఒక చరణం ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. వియత్నాం యుద్ధరంగం కేసాన్‌లో వియత్‌కాంగ్‌తో పోరాడిన సోదరుడు ఉండేవాడు అంటాడు. వాళ్ళింకా అక్కడే ఉన్నారు, వాడే లేడు అంటాడు. అంతవరకు మూడు పాదాలు. నాలుగో పాదం రావాల్సిన చోట మాట లేదు. వాయిద్యం మోగుతూ ఉంటుంది, గొంతు రాదు. చనిపోయిన మనిషి జాగా ఖాళీగా వదిలేశాడు. ఇది నాకు ఏ ఇంటర్వ్యూ చెప్పలేదు, పాటే చెప్పింది.

రెండోచరణం:
ఆ నాలుగో పాదం సంగతి బాగుంది, నేను గమనించలేదు. కానీ రీగన్ తప్పని తేల్చింది ఎవరు? సభ జరిగిన కొద్ది రోజులకే స్ప్రింగ్‌స్టీన్ పిట్స్‌బర్గ్ వేదిక మీద, అధ్యక్షుడుగారికి నా ఆల్బంలలో ఏది ఇష్టమో, దిక్కులేని మనుషుల కథలతో చీకటిగా సాగే 'నెబ్రాస్కా' మాత్రం అయి ఉండదని ఎగతాళి చేశాడు. రాసినవాడు మాట్లాడాకే కదా విషయం తేలింది!

పాతక్యాసెట్:
స్ప్రింగ్‌స్టీన్ ఆ రోజు నోరు మెదపకపోయినా ఆ చరణాలు అక్కడే ఉండేవి. నిజానికి అతనిదీ తప్పుంది. ఈ పాటని మొదట 1982లో ఒంటరిగా గిటారు పట్టుకుని రికార్డు చేశాడు. 1998లో బయటికొచ్చింది, వినండి. దాన్ని విని జెండా ఊపేవాడు ఉండడు. బ్యాండు పెట్టి పల్లవిని విజయగీతంలా మోగించాక జనం విజయగీతం అనుకుంటే జనాన్ని అంటే ఎలా?

డ్రమ్ముల_మోత:
అంటే మోతే గెలిచిందన్నమాట. నేను మొదట్లోనే చెప్పా.

ఆరోతీగ:
మరి పోలీస్ బ్యాండు 'ఎవ్రీ బ్రెత్ యూ టేక్' (1983) మాటేమిటి? పెళ్ళిళ్ళలో వేసుకుంటారు. స్టింగ్‌కి అది వింతగా ఉంటుంది, తను రాసింది నిఘా గురించి, వదలకుండా వెంటపడే అసూయ గురించి. నువ్వు వేసే ప్రతి అడుగూ చూస్తుంటా అనేది ప్రేమికుడి మాటా, పోలీసు మాటా? అయినా ఆ పాటతో డాన్సు చేసిన జంట దగ్గరికెళ్ళి "మీరు తప్పుగా విన్నారు" అని నేనైతే చెప్పలేను.

నీలిమబ్బు:
చెప్పనక్కర్లేదు. పాటని ఎలా వాడుకున్నాం, పాట ఏమంటోంది, ఈ రెండూ వేరు. మాన్సన్ కూడా వాడుకున్నవాడే, జంట కూడా వాడుకున్నవాళ్ళే. ఒకరు ప్రాణం తీశారు, ఇంకొకరు డాన్సు చేశారు. అర్థం చెప్పినవాళ్ళు మాత్రం ఇద్దరిలో ఎవరూ లేరు.

రెండోచరణం:
పాతక్యాసెట్ గారి కొలతని పరీక్షిస్తాను. మళ్ళీ మీ ఫోగర్టీయే. 'రన్ త్రూ ద జంగిల్' (1970). అడవి, పరుగు, వెనక్కి తిరిగి చూడొద్దన్న హెచ్చరిక. ప్రతి చరణం వియత్నాంకి అతుకుతుంది. అక్కడ యుద్ధం చేస్తున్న సైనికులే తమ పాటగా పెట్టుకున్నారు. కానీ ఫోగర్టీ ఏమన్నాడు? అమెరికాలో ఎవరు పడితే వాళ్ళ చేతికి తుపాకులు దొరకడం గురించి రాశానన్నాడు. మీ కొలత ఇక్కడ తప్పుడు జవాబిచ్చింది. రాసినవాడు చెప్పకపోతే మనమంతా ఇంకా వియత్నాం అడవిలోనే ఉండేవాళ్ళం.

పాతక్యాసెట్:
మీరు ఒక పాదం దాటేశారు. ఇరవై కోట్ల తుపాకులు లోడయి ఉన్నాయి, గురిపెట్టమని సైతాను అరుస్తున్నాడు అని పాటలోనే ఉంది. ఏ యుద్ధరంగంలో ఇరవై కోట్ల తుపాకులు ఉంటాయి? అది ఒక దేశంలో ఇళ్ళల్లో ఉన్న తుపాకుల లెక్క. 1970 అమెరికా జనాభా కూడా దాదాపు ఇరవై కోట్లే. సమాధానం లోపలే పెట్టి పాడాడు. మనం పేరులో జంగిల్ చూసి ఆగిపోయాం.

సైనికుల మాటకొస్తే, వాళ్ళ చుట్టూ నిజంగానే అడవి ఉంది. వాళ్ళని ఎవరైనా తప్పుపడితే నేను ఆ పక్కన నిలబడను.

ఆరోతీగ:
రెండోచరణం గారికి ఒక చిక్కు ప్రశ్న. "రాసినవాడు" అంటే ఎవరు? పింక్ ఫ్లాయిడ్ 'కంఫర్టబ్లీ నంబ్' (1979)కి మాటలు రోజర్ వాటర్స్‌వి, బాణీ చాలావరకు డేవిడ్ గిల్మోర్‌ది. దాన్ని ఎలా రికార్డు చెయ్యాలన్న దాని మీద ఇద్దరూ కొట్టుకున్నారు కూడా. చరణాలు ఒకరి గొంతులో, పల్లవి ఇంకొకరి గొంతులో. చివరి గిటారు సోలోకి అర్థం వాటర్స్‌ని అడగాలా?

రెండోచరణం:
సోలో విషయం గిల్మోర్ చూసుకుంటాడు, నేను మాటల వరకే అంటున్నాను. మంచి పాట తెచ్చారు. అది హెరాయిన్ పాటని సగం లోకం నమ్ముతుంది. 1977లో ఫిలడెల్ఫియా కచేరీకి ముందు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాడు, చేతులు మొద్దుబారిపోయిన స్థితిలోనే వేదిక మీద వాయించానని వాటర్స్ చెప్పాడు. ఆయన చెప్పకుండా ఇది మీకు ఎలా తెలిసేది?

పాతక్యాసెట్:
ఎక్కడ నొప్పిగా ఉందో చూపించు అని అడిగేది డాక్టరు కాక ఇంకెవరండీ? చిన్న సూదిపోటు అంటాడు, దీంతో షో అయ్యేదాకా నెట్టుకొస్తావు అంటాడు, పద టైమైంది అంటాడు. అన్నీ పాటలోనే ఉన్నాయి.

రెండోచరణం:
సరే, డాక్టరే. షో కూడా ఒప్పుకుంటాను. ఫిలడెల్ఫియా ఎక్కడుంది?

పాతక్యాసెట్:
ఆ పాటకి ఫిలడెల్ఫియాతో పనేంటి?