ఒపేరా హౌస్ కోసం ట్రామ్ డిపోను కూల్చడం సబబేనా?

పట్టాలబండి:
పాత ట్రామ్ డిపోల మాటెత్తితే చాలు, "కూల్చకపోతే సిడ్నీకి ఒపేరా హౌస్ వచ్చేదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్లలోకి చొచ్చుకొచ్చిన బెనెలాంగ్ పాయింట్ మీద 1902లో ఫోర్ట్ మక్వారీ ట్రామ్ డిపో తెరిచారు. బయట కోట బురుజులు, లోపల ట్రాముల షెడ్డు. 1955లో మూసేశారు, 1958లో కూల్చేశారు, మరుసటి ఏడాది అక్కడే ఒపేరా హౌస్ పనులు మొదలయ్యాయి. నా మటుకు నాకది తప్పే. మీరేమంటారు?

నిర్మాణ్:
తప్పెలా అవుతుందండీ? ఆ డిపో కూడా ఒక కోటను పడగొట్టి కట్టిందే. వాస్తుశిల్పి ఫ్రాన్సిస్ గ్రీన్‌వే 1817లో మొదలుపెట్టిన అసలు ఫోర్ట్ మక్వారీని 1901లో తీసేసి, దాని పోలికతోనే డిపో గోడలు లేపారు. అసలు కోటే పోయాక, నకలు కోసం ఇంత బాధ దేనికి?

పట్టాలబండి:
గ్రీన్‌వే కోట పోవడం ఇంకా పెద్ద నష్టం, కాదనను. కానీ నేను బాధపడేది బురుజుల కోసం కాదు. డిపో అంటే పట్టాల మధ్య తవ్విన గొయ్యి. మెకానిక్ అందులోకి దిగి, నెత్తి మీదున్న బండి మోటార్లు, బ్రేకులు చూస్తాడు. తడి పట్టా మీద చక్రం జారకుండా చల్లే ఇసుక కూడా అక్కడే నింపుకోవాలి, అదీ పొడిగా ఉండాలి. అలాంటి చోటు లేకపోతే లైన్ ఎన్నాళ్లు నడుస్తుంది?

షెడ్డునీడ:
సిడ్నీలోనే ఉన్న రోజెల్ ట్రామ్ డిపో సంగతీ చూడండి. అది 1904 నాటిది. 1958 నవంబర్‌లో, అంటే ఇది కూలిన ఏడాదే, దాన్ని మూసేశారు. కూల్చలేదు, వదిలేశారు. లోపల మిగిలిపోయిన ట్రాములకు అద్దాలు పగిలాయి, ఒంటినిండా స్ప్రే పెయింట్ రాతలు. చివరికి 2016లో ఆ షెడ్డులోనే షాపులు, రెస్టారెంట్లు తెరిచారు. పాత ట్రామ్ ఒకదాన్ని బాగుచేసి లోపల నిలబెట్టారు. గోడలైనా మిగిలాయి కదా, నాకది చాలా నచ్చింది.

నిర్మాణ్:
పట్టాలబండి గారూ, మీరు రెండు నిర్ణయాలను ఒకటిగా చూస్తున్నారు. డిపో మూసింది 1955లో. ఒపేరా హౌస్ పోటీలో వాస్తుశిల్పి ఉట్జన్ డిజైన్ గెలిచింది 1957లో. ట్రాములు ఆపినవాళ్లకు ఒపేరా హౌస్ ఎలా ఉంటుందో కూడా తెలియదు. ట్రాములు తీసేసి బస్సులు పెట్టడం తప్పంటే నేనూ మీ వైపే. ఖాళీ అయిన షెడ్డును కూల్చడం మాత్రం తప్పనను.

పట్టాలబండి:
ఇది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే నా కోపమంతా 1955 మీదే. 1961 ఫిబ్రవరి 25న సిడ్నీలో పాత ట్రాములు పూర్తిగా ఆగిపోయాయి. 1997లో లైట్ రైల్ పేరుతో మళ్లీ వచ్చాయి. 2019లో కొత్త పట్టాలు వేసుకుంటూ ఒపేరా హౌస్ దగ్గరి పడవల రేవు సర్క్యులర్ క్వే దాకా తెచ్చారు. అక్కడి నుంచి ఆ డిపో ఉన్న చోటికి నడిచి వెళ్లొచ్చు.